మహారాజశ్రీ చుక్క నక్షత్రం గారికి

కంప్యూటర్ రాతల్లో కోరిన ముక్కల్ని వెతికి ఏరిపెట్టే మహారాజశ్రీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ గారికి, భీమవరం నుంచి రొయ్యల లెక్కలు రాసే గుమస్తా నమస్కరించి వ్రాయునది ఏమనగా,

నిన్న మధ్యాహ్నం రెండింటికి తమరిని ఒక చిన్న పని అడిగాను. పట్టుబడి మెసేజ్ వచ్చింది: 'ఉండి (45 కౌంట్) 2 టన్నులు, కాళ్ళ (60 కౌంట్) 3 టన్నులు, ఆకివీడు (100 కౌంట్) 1 టన్ను'. బ్రాకెట్లలో ఉన్నది తీసివ్వమన్నాను, అంతే. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క, దాన్ని బట్టే కదండీ రేటు.

\((.*)\) అని రాశాను. తమరిచ్చింది ఇదీ: '45 కౌంట్) 2 టన్నులు, కాళ్ళ (60 కౌంట్) 3 టన్నులు, ఆకివీడు (100 కౌంట్'.

ఆత్రేయపురంలో ఒక్క పూతరేకు రుచి చూడండి అంటే, పెట్టె మూతతో సహా చంకన పెట్టుకెళ్ళే రకం తమరు. చుక్క అంటే ఏ అక్షరమైనా, నక్షత్రం అంటే ఎన్నైనా. అందుకని ముందు లైను చివరిదాకా పరుగెత్తి, అక్కణ్ణుంచి ఒక్కో అక్షరం వెనక్కి నడుస్తూ, ఎదురైన మొదటి మూసే బ్రాకెట్ దగ్గర ఆగుతారట. వెనక నుంచి మొదటిది! దీనికి 'గ్రీడీ' అని పేరు కూడానూ. మా ఊళ్ళో ఎంత ఆశపోతైనా ఇలా బోర్డు పెట్టుకోడు.

ఆయ్, వంశం గొప్పదే, కాదనను. 1950ల్లో స్టీఫెన్ క్లేనీ అనే లెక్కల పండితుడు తమరికి ప్రాణం పోశాడు, ఆ నక్షత్రానికి ఆయన పేరే. 1968లో కెన్ థాంప్సన్ తమరితో టెక్స్ట్ వెతికించే పద్ధతి అచ్చేశాడు. తెలుగు మాత్రం ఎవరూ నేర్పలేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ అని మాటలు ఏరమంటే 'కోనసీమ'ను 'క', 'నస', 'మ' చేశారు. గుణింతం గుర్తులు తమరికి అక్షరాల కింద లెక్క కాదట. నస మాత్రం భద్రంగా మిగిల్చారు.

సాయంత్రం ఆరైంది. ఐసు లారీ వచ్చి నిలబడింది. "లిస్టేదయ్యా?" అని షావుకారు మూడోసారి అడిగాక తెలిసింది, నక్షత్రం పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే చాలని! కాటన్ దొర గోదావరికి అడ్డం ధవళేశ్వరంలో 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. నీకు అడ్డం ఒక్క '?'. అది పెడితే ఎదురుగా ఉన్న బ్రాకెట్ దగ్గరే బుద్ధిగా ఆగుతావు. ఆ ఏడుపేదో రెండింటికే ఏడవచ్చుగా? నాలుగు గంటలు నా ప్రాణం తోడేశావు!

ఆగాక మాత్రం, ఏడాది మెసేజ్‌లన్నీ టీ చల్లారేలోపు వలిచి పెట్టావు. అది చేత్తో అయితే నాకు వారం.

మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, ఇవాళ పొద్దున ఉండి, కాళ్ళ కలిసిపోయి వచ్చాయి. ప్రశ్నార్థకం ఉంది, అన్నీ ఉన్నాయి. చూస్తే ఉండి రైతు బ్రాకెట్ తెరిచి, మూయడం మరిచిపోయాడు. ఆ రైతు మా మావయ్య. ఆయన్ని ఏమీ అనలేను.