ఎక్కడ పడితే మేలు?

సైకిలు కొంటానని ఇంట్లో నోరు జారిన ప్రతి తెలుగు యువకుడూ దుకాణం కంటే ముందు ఇంటి పెద్దల ధర్మాసనం ముందు నిలబడాలి. "కొండల మీద తొక్కుతావా? కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తార్రా? బుద్ధిగా రోడ్డు మీద తొక్కుకో" అని అక్కడ తీర్పు వస్తుంది. అదే రోడ్డు మీద 2022లో దేశం మొత్తమ్మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. అందులో సైకిలువాళ్ళ వాటా చిన్నదే. తెలివైనవాళ్ళు సైకిలు దిగి చాలాకాలమైంది మరి. కొండదారులు ఆ శాఖ పరిధిలోకి రావు కనుక అక్కడి లెక్క ఎవరి దగ్గరా లేదు. లెక్క తేలని చోటు ప్రమాదం, లెక్క తేలిన చోటు క్షేమం అన్న ఈ న్యాయసూత్రాన్ని గౌరవిస్తూనే, విచారణను మళ్ళీ తెరవాలని మా మనవి.

ముందుగా ముద్దాయిలను చూద్దాం. కొండదారిలో సైకిలుకు ప్రధాన శత్రువు రాయి. రాయికి కొన్ని సద్గుణాలున్నాయి. నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. ఫోను మాట్లాడదు. రాంగ్ రూట్లో ఎదురు రాదు. రోడ్డు పక్కన ఆగి ఉన్నట్టే ఉండి, మనం దగ్గరికి రాగానే కుడి తలుపు తెరవదు. దాన్ని గుద్దితే తప్పెవరిదో తేల్చడానికి పంచాయితీ అక్కర్లేదు, జనం పోగవరు, వీడియోలు తీయరు.

పైగా రాయిని దాటడానికి విద్య ఉంది. సీటు మీద నుంచి లేచి, పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో పెట్టి, మోచేతులు వంచి, బరువంతా పాదాల మీద మోపి, చూపు ముందు చక్రం మీద కాకుండా పది పదిహేను మీటర్ల అవతల నిలపాలి. బ్రేకు మలుపుకు ముందే వేసుకోవాలి, మలుపులో కాదు. ముందు బ్రేకు ఒక్కసారిగా గుంజితే మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్ళిపోతాడు. అది భయంతో వదిలేసి వెనక బ్రేకు ఒక్కటే పట్టుకుంటే చక్రం బిగుసుకుని జారుతుంది. రెండూ కొద్దికొద్దిగా, ఒక్కో వేలితో. వారం రోజులు కష్టపడితే ఒంటబడుతుంది. వెనక నుంచి దూసుకొచ్చే టిప్పర్‌కు ఏ భంగిమలో ఉంటే మంచిదో మాత్రం ఏ గురువూ చెప్పలేడు. చెప్పగలిగేది ఒక్కటే: రోడ్డు ఎడమ అంచును పట్టుకుని వేలాడకూడదు. అంచున ఒదిగితే "జాగా ఉందిగా" అని రాసుకుంటూ దాటేస్తారు. ఓ మీటరు లోపలికొచ్చి తొక్కితే హారన్ కొడతారు, ఇంకేదో కూడా అంటారు. హారన్ కొట్టినవాడంటే మనల్ని చూసినవాడని అర్థం. భయపడాల్సింది కొట్టనివాడి గురించి.

దెబ్బల విషయంలో పక్షపాతం చూపం. కొండ మీద పడటం ఎక్కువ, రోడ్డు మీద పడటం తక్కువ. కాకపోతే రోడ్డు మీద పడినప్పుడు పైనుంచి ఎవరు పోతారన్న ప్రశ్న మిగిలి ఉంటుంది. రెండు చోట్లా విరిగేది తరచుగా మెడకూ భుజానికీ మధ్యనుండే కంటె ఎముకే. రెండోది మణికట్టు. పడుతూ చెయ్యి చాపుతాం కనుక బొటనవేలి మొదట్లోని చిన్న ఎముక చిట్లుతుంది. దాని ప్రత్యేకత ఏమిటంటే మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. "బెణుకు, కట్టు కట్టాం, పో" అన్న మాట నమ్మి ఊరుకుంటే ఆ ఎముకకు రక్తసరఫరా తక్కువ కనుక అతకకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. బొటనవేలి కింది గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే పది పద్నాలుగు రోజులకు మళ్ళీ తీయించాలి. ఇక కొండకున్న అసలు దోషం కూడా చెప్పాలి. అక్కడ పడితే సిగ్నల్ ఉండదు, 108 బండి దారి లేక కిందే ఆగుతుంది. అందుకే కొండకు ఒంటరిగా వెళ్ళకూడదు. రోడ్డు మీద ఈ ఇబ్బంది లేదు, సిగ్నల్ పుష్కలం. గుద్దినవాడు కూడా దాని మీదే ఉంటాడు.

ముందుచూపులో రోడ్డు పందేలవారిదే పైచేయి అని ఒప్పుకోవాలి. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్ తప్పనిసరి అనబోతే, ప్యారిస్–నీస్ పందెంలో రైడర్లు సమ్మెకు దిగారు. వేడి, బరువు, స్వేచ్ఛ వగైరా కారణాలు. 2003లో అదే పందెంలో కజకిస్తాన్ రైడర్ ఆండ్రే కివిలెవ్ తలకు దెబ్బ తగిలి చనిపోయాక గానీ నిబంధన నిలబడలేదు. మన చట్టం సైకిలువాడిని హెల్మెట్ అడగదు. వాడి తల వాడిది.

ఇక మన సొంత విశేషానికి వద్దాం. తెలుగు నగరాల్లో కొండ సైకిలు కొన్నవాడు కొండ ఎక్కడు. ముందు చక్రాన్ని పట్టుకునే రెండున్నర కిలోల స్ప్రింగు ఫోర్కు, రెండంగుళాల పైచిలుకు గరుకు టైర్లు, రెండు డిస్కు బ్రేకులు, మొత్తం పదహారు కిలోల ఇనుము మీద టీ కొట్టుదాకా వెళ్ళొస్తాడు. ప్రతి తొక్కుడుకీ ఫోర్కు వంగి లేస్తూ వాడి శ్రమలో కొంత మింగుతుంది. దాన్ని బిగించే మీట ఫోర్కు పైనే ఉంటుంది, దాన్ని ముట్టుకున్నవాడు లేడు. ఇరవై ఒక్క గేర్లలో వాడేది రెండు. మరోవైపు ఒంటికతుక్కునే లైక్రా బట్టలు బిగించుకున్న రోడ్డు సైకిలిస్టు ఎనిమిదిన్నర కిలోల కార్బన్ మీద, ఇరవై ఐదు మిల్లీమీటర్ల టైర్లతో మన కాలనీ రోడ్లెక్కుతాడు. కొండకు చేసింది చదునులో, చదునుకు చేసింది గుంతల్లో. వీళ్ళిద్దరూ సిగ్నల్ దగ్గర సైకిళ్ళు మార్చుకుంటే సగం సమస్య తీరేది. ధరలు తెలిసిన రెండోవాడు ఒప్పుకోడు.

గాలి విషయంలో కూడా మనది గొప్ప భక్తి. టైరు పక్కన 'గరిష్ఠం' అని ముద్రించిన అంకెను ఆదేశంగా తీసుకుని అంతదాకా కొట్టిస్తారు. డెబ్బై కిలోల మనిషికి, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల టైరుకు మన రోడ్ల మీద డెబ్బై పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. నూరు కొడితే చేతులు తిమ్మిరెక్కుతాయి, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. మరీ యాభైకి దించితే గుంత అంచు తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పంక్చరు విప్పినప్పుడు చిల్లులు రెండుంటే తప్పు మేకుది కాదు, గాలిది. కొండ సైకిలుకు ట్యూబులేని టైరైతే ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు చాలు. వికారాబాద్ అనంతగిరి వైపు మట్టిదారుల్లో ఆ టైరుకు రాయి కంటే పెద్ద గండం పల్లేరుకాయ. ఎటు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. అందుకే లోపల సుమారు నూరు మిల్లీలీటర్ల సీలెంటు పోస్తారు. కన్నం పడగానే పాలలా బయటికొచ్చి గడ్డకట్టి మూసేస్తుంది. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండి, టైరులో రబ్బరు ఉండలు మిగులుతాయి. అవి గలగలమంటుంటే "సీలెంటు ఉంది" అని ధీమాగా వెళ్ళేవాళ్ళే సైకిలు భుజాన వేసుకుని తిరిగొస్తుంటారు.

ఆనందం సంగతి. రోడ్డువాడి ఆనందం గడియారంలో ఉంటుంది. బ్రెవే అనే వ్రతం ఒకటుంది. రెండొందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, మూడొందలు ఇరవై గంటల్లో, ఆరొందలు నలభై గంటల్లో పూర్తి చేయాలి. అది పందెం కాదు, ర్యాంకుల్లేవు, బహుమతి లేదు. పూర్తి చేసినవాడు పతకం కావాలంటే డబ్బు కట్టి కొనుక్కోవాలి. గుంపులో వెళ్ళేటప్పుడు ముందువాడి వెనక అడుగు దూరంలో దాక్కుంటే గాలి దెబ్బ బాగా తగ్గుతుంది. చక్రాలు రాసుకుంటే మాత్రం పడేది వెనకవాడే. ముందువాడికి వార్త తర్వాత చేరుతుంది.

కొండవాడి ఆనందం ఇంకా పొదుపు. 1976లో కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి పక్కన పాత బరువు సైకిళ్ళ మీద నిలువు దిగుడులో పందెం పెట్టుకున్నారు. దిగడానికి నాలుగున్నర, ఐదు నిమిషాలు. ఆ లోపల వెనక చక్రం నడుమనున్న హబ్బులోని బ్రేకు కాలిపోయి గ్రీజంతా పొగై పోయేది. ఇంటికెళ్ళి విప్పి, తుడిచి, మళ్ళీ గ్రీజు కూరాలి. ఐదు నిమిషాల సుఖానికి పూటంతా గ్రీజు చేతులు. ఆ పిచ్చి నుంచే మౌంటెన్ బైకింగ్ పుట్టి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌దాకా వెళ్ళింది.

రెండూ వద్దు, భద్రతే కావాలి అన్నవారికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ ఉంది. 2023లో తెరిచారు. పైన సౌర ఫలకాల పందిరి, దాని నుంచి 16 మెగావాట్ల కరెంటు. అద్భుతమైన దారి. అక్కడిదాకా రోడ్డు మీద తొక్కుకుంటూ వెళ్ళడం ప్రమాదం కనుక చాలామంది సైకిలును కారు వెనక కట్టి తీసుకెళ్తారు.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వాలకు మా ప్రతిపాదన ఒకటే. కొండదారులకు కష్టాన్ని బట్టి గుర్తులుంటాయి: ఆకుపచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల వజ్రం, జంట నల్ల వజ్రాలు. అవే మన రోడ్లకూ ఇవ్వాలి. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రంగా ఉండాలి. మన కాలనీల్లో మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. ఇవి నీలి చతురస్రం. మూత పైకి లేపకుండా పొర మీద పొర తారు పోయగా బావిలా మిగిలిన మ్యాన్‌హోల్, దారి పొడవునే కమ్మీలుండి సన్న టైరును మింగే డ్రైనేజీ జాలీ నల్ల వజ్రం. నీళ్ళు నిండి లోతు తెలియని గుంత జంట వజ్రాలు. వాటిని దాటినవారికి పాయింట్లు.

నిజానికి కొండదారి వేసేవాళ్ళు దీనికి ఒప్పుకుంటారో లేదో. వాళ్ళు పలుగు పార పట్టుకుని దారి చెక్కేటప్పుడే లోయ వైపు నూటికి ఐదు వంతుల వాలు పెడతారు. వాన నీరు దారి వెంట పారకుండా అడ్డంగా జారిపోతుంది. దారి ఎక్కుడు కొండవాలులో సగానికి మించనివ్వరు, మించితే నీరు దాన్నే కాలువ చేసుకుంటుందని. ఇంత పట్టింపు ఉన్నవాళ్ళు మన రోడ్డును తమ జాబితాలో చేర్చుకోవాలంటే కొంత సిఫారసు అవసరం. గుర్తుల బోర్డులు పెట్టేందుకు టెండరు పిలిచేటప్పుడు షరతుల్లో ఒకటి మాత్రం తప్పక రాయాలి: బోర్డు పాతడం కోసం రోడ్డు తవ్వరాదు.