సవరణ: ఖననాచారాలపై నేను రాసిన మూడు మాటలు

హిందువులందరూ దహనమే చేస్తారనీ, క్రైస్తవులకు దహనం నిషిద్ధమనీ, ముస్లింల సమాధిలో తల పడమటికి ఉంటుందనీ లోగడ రాశాను. మూడూ తప్పులే, చదివినవారు మన్నించగలరు.

లింగధారులైన వీరశైవులు, జంగములు ఖననమే చేస్తారు. విశాఖపట్నంలో మా వీధి జంగం పెద్దాయన పోయినప్పుడు, పద్మాసనంలో కూర్చోబెట్టిన దేహాన్ని గోతిలోకి దించి, ఎడమ అరచేతిలో ఆయన ఒంటిమీద ధరించే చిన్న శివలింగమైన ఇష్టలింగం ఉంచి, విభూతి చల్లి మట్టి కప్పడం నేను దగ్గరుండి చూశాను. చూసి కూడా అలా రాయడం నా అజాగ్రత్త. సన్న్యాసులను సమాధి చేయడం, పసిపిల్లలను పూడ్చడం కూడా ఎన్నో హిందూ కుటుంబాల ఆచారమే.

కథోలిక సంఘం 1963లోనే దహనానికి అనుమతినిచ్చింది. అయితే ఖననమే మేలని చెబుతూ, చితాభస్మాన్ని గాలిలోనో నీటిలోనో కలపకూడదని 2016లో స్పష్టం చేసింది. కనుక విశాఖలో దహనాన్ని ఎంచుకునే కథోలిక కుటుంబం భస్మాన్ని సముద్రంలో కలపకుండా, సమాధుల తోటలో గాని చర్చి నిర్దేశించిన పవిత్ర స్థలంలో గాని భద్రపరచవలసి ఉంటుంది. ఇంటి పెద్దలు ముందే ఫాదర్‌గారితో మాట్లాడుకోవడం మంచిది.

ఇక ముస్లింల సమాధిలో మన ప్రాంతంలో తల ఉత్తరానికి ఉంటుంది. దేహాన్ని కుడివైపుకు ఒత్తిగిల్లజేసి, ముఖాన్ని ఖిబ్లా వైపు, అంటే మక్కాలోని కాబా ఉన్న దిక్కుకు, మనకు దాదాపు పడమటికి, తిప్పుతారు.