ఉలవనీళ్లకు రాళ్లు కరుగుతాయా?

"ఉలవలు ఉడికించిన నీళ్లు రోజూ పరగడుపున తాగండి. కిడ్నీ రాళ్లు కరిగిపోతాయి, షుగర్ మాత్రలు మానేయొచ్చు, మాంసం కంటే ప్రోటీన్ ఎక్కువ. కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరికీ పంపండి." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. గుర్రాల దాణా అని చిన్నచూపు చూసిన గింజను ఎవరైనా మెచ్చుకుంటే నాకు సంతోషమే. కానీ ఇది మెచ్చుకోలు కాదు, కోతలు కోయడం.

ముందు రాళ్ల సంగతి. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వి. వాటిని ఉలవనీళ్లే కాదు, ఇప్పుడున్న ఏ మందూ కరిగించలేదు. యూరిక్ యాసిడ్ రాళ్లు కరుగుతాయి, అదీ మూత్రంలో ఆమ్లత్వం తగ్గించే మందులతో. మరి "నాకు పడిపోయింది" అనేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. ఒక ఉలవగింజను వేలికొన మీద పెట్టుకుని చూడండి. పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. అంతకు మించని రాయి చాలామందిలో దానంతటదే పడిపోతుంది. ఆ రోజుల్లో ఏది తాగుతుంటే పేరు దానికే. ఉలవనీళ్లలో పనికొచ్చిందేదైనా ఉంటే, అది నీళ్లే. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా మాత్రం ఇంట్లో కూర్చోకూడదు.

షుగర్ విషయంలో కొంత నిజముంది. ఉలవల్లో పీచు ఎక్కువ, పిండిపదార్థం నిదానంగా అరుగుతుంది. అయితే ఆ పీచు ఉండేది గింజలో. గింజ పారేసి నీళ్లు తాగితే మిగిలేదేమిటి? గింజ తిన్నా సరే, అది తిండే. మాత్రలకూ ఇన్సులిన్‌కూ బదులు కాదు.

ప్రోటీన్: 100 గ్రాముల పచ్చి ఉలవల్లో సుమారు 22 గ్రాములు. పచ్చి మాంసంలోనూ దాదాపు అంతే. ఉడికాక గింజ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి అదే 100 గ్రాములకు లెక్క మూడో వంతుకు పడిపోతుంది. ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఉలవలకు మిథియోనిన్ తక్కువ, లైసిన్ బాగా ఉంటుంది. ధాన్యాల్లో ఇది తలకిందులు, అందుకే రెండూ కలిపి తింటే సరిపోతుంది. ఐరన్ కూడా బాగానే ఉంది గానీ గింజలో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని ఒంటికి అందకుండా పట్టి ఉంచుతాయి. రాత్రంతా నానబెట్టి, తెల్లటి మొలక తొంగిచూసేదాకా ఉంచితే ఆ పట్టు సడలుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం ఇంకా మేలు.

ఇక ఆ చివరి వాక్యం, "కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరికీ." గింజ ఉడికేటప్పుడు అందులోని పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు పొటాషియాన్ని బయటకు పంపలేరు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. వాళ్లు వంచి పారబోయాల్సిన నీళ్లనే ఈ మెసేజ్ పరగడుపున తాగమంటోంది.