ఆసుపత్రిలో సంతకం పెడితే ఇక అంతేనా? ఎవరన్నారు?

మన వైజాగ్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా, ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి ఐదు ముక్కలు: కన్సెంట్ ఫారం (వైద్యానికి ఒప్పుకున్నట్టు రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టాక డాక్టర్ మీద కేసు వెయ్యలేం, పెళ్లైన ఆడవాళ్లకి భర్త సంతకం లేకుండా ఆపరేషన్ చెయ్యకూడదు, యాక్సిడెంట్ కేసుని పోలీసులొచ్చేదాకా ముట్టుకోకూడదు, వెంటిలేటర్ పెట్టాక తీస్తే హత్యే, కేస్ షీట్ (మన వైద్యం వివరాలు రాసిన కాగితాలు) ఆసుపత్రి సొత్తు కాబట్టి మనకివ్వరు. కింద "అందరికీ షేర్ చేయండి" ఎలాగూ ఉంటది. మా పిన్ని కూడా పంపింది, ఆవిడకి ఫోన్లో చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా.

మొదటిది, సంతకం. అడ్మిషన్ టైంలో ఏటవుద్దో అందరికీ తెలిసిందే, నాలుగైదు ఇంగ్లీషు కాగితాలు పిన్ కొట్టి ఇస్తారు, సంతకం చోట పెన్సిల్‌తో ఇంటూ మార్కు ఉంటది, ఆపరేషన్ పేరు రాయాల్సిన గీత మాత్రం ఖాళీ, "ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టెయ్యండి సార్" అంటే పెట్టేస్తాం. కానీ దాని అర్థం "ఈ వైద్యానికి ఒప్పుకున్నా" అని, అంతే. "మీరు నిర్లక్ష్యంగా చేసినా పర్లేదు" అని రాసిచ్చినట్టు కాదు. వైద్యం కూడా కన్స్యూమర్ చట్టం కిందకి వస్తుందని వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వెయ్యొచ్చు (ఎవరి దగ్గరా పైసా తీసుకోని ఆసుపత్రులు దీని కిందకి రావు). ఫార్వర్డ్‌లో సగం నిజం ఎక్కడుందంటే, ముందే చెప్పిన రిస్కు, డాక్టర్ తప్పేం లేకుండా జరిగితే, అప్పుడు కేసు నిలబడదు. అది సంతకం వల్ల కాదు, తప్పు లేదు కాబట్టి.

రెండోది నాకు ఒళ్లు మండే పాయింటు. 18 ఏళ్లు దాటి, తెలివిలో ఉండి, మాట్లాడగలిగే మనిషికి ఏ వైద్యం చెయ్యాలన్నా ఒప్పుకోవాల్సింది ఆ మనిషే, మొగుడు కాదు, అమ్మ కాదు, అమెరికాలో ఉన్న పెద్దకొడుకూ కాదు. సమీరా కోహ్లి కేసు చూడండి. 44 ఏళ్ల ఆవిడ పరీక్ష కోసం లాపరోస్కోపీకి (పొట్టలోకి సన్న కెమెరా గొట్టం పెట్టి చూడ్డానికి) ఒప్పుకుంది, మత్తులో ఉండగా డాక్టర్ బయటున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేసింది. 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. పరీక్షకి ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కి పనికిరాదు, ప్రాణం మీదకొచ్చి ఆగడానికి వీల్లేనప్పుడు తప్ప. నష్టపరిహారం ఇరవై అయిదు వేలే అనుకోండి, దాని మీద నాకు వేరే కోపం ఉంది. అబార్షన్‌కైతే 1971 చట్టంలోనే ఉంది, పెద్దవయసు ఆడమనిషి ఒప్పుకుంటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. మరి ఎందుకడుగుతారు? 2002 డాక్టర్ల నియమావళిలో ఆపరేషన్ ముందు "భర్త లేదా భార్య, మైనర్ అయితే తల్లిదండ్రులు, లేదా పేషంటు, సందర్భాన్ని బట్టి" రాతపూర్వకంగా తీసుకోవాలని ఉంది, అందులో మొదటి పేరు పట్టుకుని వేలాడుతున్నారు. రేపు ఇంటాయన వచ్చి గొడవ చేస్తాడన్న భయం కూడాను. ఆ భయం అర్థమవుద్ది, కానీ అది చట్టం కాదు.

యాక్సిడెంట్ సంగతి పెద్దగా వాదించే పనే లేదు. 1989లో పరమానంద్ కటారా తీర్పు: ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలు, ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటైనా. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లో కూడా అదే ఉంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎవరైనా పడిపోతే ఈ ఫార్వర్డ్ చదివినోడు నిలబడి చూస్తుంటాడేమో అని నా బాధ.

వెంటిలేటర్ దగ్గర కాస్త ఓపిగ్గా చదవండి. ప్రాణం తియ్యడానికి ఇంజెక్షన్ ఇవ్వడం ఇప్పటికీ నేరమే. బాగయ్యే ఆశ లేని మనిషికి మెషీన్ ఆపడం వేరు, దానికి 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపించింది, 2023 జనవరిలో తేలిక చేసింది. చికిత్స చేసే డాక్టర్, ఇద్దరు స్పెషలిస్టులతో ఆసుపత్రిలో ఓ బోర్డు, దాని మీద జిల్లా వైద్యాధికారి వేసిన డాక్టర్ ఉండే రెండో బోర్డు, ఈ రెండు బోర్డులూ ఒప్పుకుంటే, ఇంటివాళ్లూ ఒప్పుకుంటే, మేజిస్ట్రేట్‌కి తెలియజేసి ఆపొచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే లివింగ్ విల్ (ఆశ లేని స్థితికొస్తే నాకు మెషీన్లు వద్దని ముందే రాసిపెట్టే కాగితం) రాసుకోవచ్చు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. ఇది తెలీక మన దగ్గర జరిగేదేంటి? డబ్బులైపోయాక "మా ఇష్టంతో తీసుకెళ్లిపోతున్నాం" అని రాయించుకుని, అంబులెన్సులో పక్కన బంధువు చేత అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కిస్తూ శ్రీకాకుళం వైపు పంపేస్తారు, దారిలో ఏమైనా ఆ సంతకం పెట్టినోడే మొయ్యాలి. నొప్పికి మందు కూడా ఉండదు. బోర్డు దారిలో అయితే కనీసం ఊపిరాడని బాధ తెలీకుండా చూసుకుంటారు.

ఆఖరిది, కేస్ షీట్. అదే 2002 నియమావళి ప్రకారం, పేషంటు గానీ ఆయన తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో కాపీలివ్వాలి. నోటితో అడిగి ఊరుకోకండి, తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, మన కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. "ఎండీ గారు లేరు, రేపు రండి" అంటే ఆ మాట కూడా అదే కాగితం మీద రాసివ్వమనండి.