మా మామ ఈగోకు తగిలిన దెబ్బ

మొన్న కడపలో బంధువుల పెళ్ళికి పోయాను. ముహూర్తం అయిపోయి మొదటి బంతి లేస్తోంది. మా మామ ఒకాయన చెప్పులు వేసుకుని గేటు వైపు నడుస్తున్నాడు.

"ఏం మామా, తినకుండానే పోతాండావు?"

"తిండికేముంది అల్లుడా, ఇంట్లో సంగటి లేదా? నా ఈగో హర్ట్ అయింది."

ఈయన పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసిన మనిషి. అయినా ఆ మాట ఒక్క అక్షరం తడబడకుండా పలికాడు.

విచారిస్తే తేలిందేమంటే, కల్యాణమండపం ముందు కట్టిన ఫ్లెక్సీలో మామ షడ్డకుడి ఫోటో విస్తరంత ఉంది. నల్లద్దాలు పెట్టుకుని, ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూ, ఆకాశంలోకి చూస్తున్నాడు. మామ ఫోటో పోపుల డబ్బాలో ఆవాల గిన్నెంత. అదీ కింద వరుసలో, చిన్నపిల్లల పక్కన.

ఇలాంటి సంఘటన జరిగినప్పుడు భాషాభిమానులు చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. కాబట్టి నేను ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు తీశాను.

లాటిన్‌లో ఈగో అంటే ఉత్త 'నేను'. మన అహంకారంలోని 'అహం' కూడా సంస్కృతంలో అదే. ఫ్రాయిడ్ గారు మనసు గురించి రాస్తూ జర్మన్‌లో పిల్లలు కూడా వాడే 'నేను' అన్న మాటే రాసుకున్నారు. ఇంగ్లీషులోకి మార్చినవాళ్ళకు అది మరీ చవకగా కనిపించిందో ఏమో, లాటిన్ మాట తెచ్చి పెట్టారు. పైగా ఆయన లెక్కలో ఈగో అంటే పొగరు కానే కాదు. కోరికలు ఒకవైపు లాగుతుంటే, మనస్సాక్షి ఇంకోవైపు గదుముతుంటే, బయటి లోకం గుడ్లురుముతుంటే, అందరికీ సర్దిచెప్పే పంచాయితీ పెద్ద అది. ఆ లెక్కన 'నీకు ఈగో ఎక్కువ' అంటే 'నువ్వు మంచి సర్దుబాటు మనిషివి' అని అర్థం రావాలి. ఏడురోడ్ల సర్కిల్‌లో ఎవరినైనా ఆ అర్థంతో పొగిడి చూడండి.

ఇంగ్లీషులో దీనికి ఈగోటిజం అని ఒక తమ్ముడున్నాడు. మాటకు ముందు 'నేను', వెనక 'నేను' తగిలించే జబ్బు అది. అందులోని 'టి' అక్షరానికి మూలమాటలో చోటే లేదు, ఎక్కడినుంచో వచ్చి మధ్యలో కుర్చీ వేసుకుంది. గొప్పలకు పోయే మాట కదా, తనకు రావాల్సినదానికంటే ఒక అక్షరం ఎక్కువే తీసుకుంది. అసలు ఇంగ్లీషువాళ్ళు వాక్యం మధ్యలో ఉన్నా సరే 'నేను'ను పెద్దక్షరంతోనే రాస్తారు. మనకు పెద్దక్షరాలు లేవు. 'వచ్చాను' అంటే చాలు, ఆ 'ను'లోనే నేను ఒదిగి కూర్చుంటాను. ఆ లోటును ఫ్లెక్సీలతో పూడ్చుకుంటున్నాం.

మరి మనకు మాటలు కరువా? పొగరు, టెక్కు, గీర, బడాయి, డాబు, దర్పం, మిడిసిపాటు, కొవ్వు, ఒళ్ళు బలుపు. పెళ్ళి విస్తట్లో కూడా ఇన్ని రకాలు పడవు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర ఊళ్ళోవాళ్ళ నోటి మాటలు కూడా వదలకుండా పోగేసి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. అక్కడికి కూతవేటు దూరంలో కూర్చుని మా మామ ఈ మాటలన్నీ వదిలేసి లాటిన్ మాట్లాడుతున్నాడంటే కారణం ఉండాలి.

ఉంది. క్రియలు చూడండి. పొగరు ఎక్కుతుంది, ఎవరో ఒకరు దించుతారు. కొవ్వు పడుతుంది, దాన్ని కరిగిస్తారు. గర్వం భంగమవుతుంది. టెక్కు అణుగుతుంది. వీటన్నిటిలోనూ తప్పు నాది, తన్నులూ నాకే. ఈగో మాత్రం హర్ట్ అవుతుంది. అంటే కొట్టింది మీరు, దెబ్బ తగిలింది నాకు, మందు తేవాల్సింది మళ్ళీ మీరే. 'నా పొగరు గాయపడింది' అని తెలుగులో ఒకసారి పైకి అని చూడండి, మీకే నవ్వొస్తుంది. అందుకే ఎదుటివాడికి ఉంటే పొగరు, మనకుంటే ఈగో. మామ షడ్డకుడి గురించి అదే గేటు దగ్గర 'వానికి కొవ్వు' అనే అన్నాడు. అప్పుడు లాటిన్ గుర్తురాలేదు.

ఇక దెబ్బ అని ఒప్పుకున్నాక వైద్యం ఉండాలి కదా. ప్రతి కల్యాణమండపంలోనూ ఒక ప్రథమ చికిత్స గది పెట్టాలని నా డిమాండ్. గాయమైన మనిషిని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, కట్టుకు బదులు ఒక శాలువా కప్పాలి. 'అన్నా, నువ్వు లేందే పనెట్లా అయితాది' అని పూటకొకసారి చెవిలో పోయాలి. నొప్పి మరీ ఎక్కువైతే మైకు చేతికివ్వాలి. మైకు డోసు జాగ్రత్త, రెండు నిమిషాలు దాటితే జబ్బు పక్కవాళ్ళకు అంటుకుంటుంది.

అవేవీ లేవు గనక నేనే మామను బతిమాలి రెండో బంతిలో కూర్చోబెట్టాను. ఓళిగల మీద నెయ్యి రెండుసార్లు వేయించుకున్నాడు. గాయం కొంచెం మానినట్టే కనిపించింది. కానీ వారం తిరక్కుండా తన పుట్టినరోజని చెప్పి సొంత ఖర్చుతో ఫ్లెక్సీ కట్టించాడు. పన్నెండు అడుగులు, మామ ఒక్కడే. షడ్డకుడికి కింద మూలన శుభాకాంక్షలు చెప్పే అవకాశం ఇచ్చాడు, ఆవాల గిన్నె సైజులో.

తర్వాత గాలీవానకు అది ఊడిపోయింది. ఇప్పుడు ఒక మిరపకాయ బజ్జీల బండికి పైకప్పుగా ఉంది. కింద నూనె కాగుతుంటే పొగంతా మామ మీసాలకే తగులుతోంది. మామ సాయంత్రమైతే అక్కడే ఉంటున్నాడు. బండి అతను డబ్బులడిగితే మాట్లాడకుండా వేలితో పైకి చూపిస్తాడట.