జిమ్ జోర్న్‌ది గాలివాటం కెరీర్ కాదు

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల్లో ఒక వాదన తరచూ వినపడుతుంది: "జిమ్ జోర్న్‌ని డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోలేదు. 1976లో సియాటిల్ సీహాక్స్ అనే కొత్త టీమ్ పుట్టబట్టి బతికిపోయాడు. మొదటి సీజన్‌లోనే 27 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసిన పాసులు). ఆ పేరంతా అతని పాసులు అందుకున్న స్టీవ్ లార్జెంట్ చలవే."

1975 డ్రాఫ్ట్‌లో 26 టీమ్‌లు 442 మందిని ఎంచుకున్నాయి, అందులో ఈ ఎడమచేతి క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసురుతూ టీమ్ దాడిని నడిపేవాడు) లేడు. నిజమే. డల్లాస్ కౌబాయ్స్ కూడా తీసుకున్నట్టే తీసుకుని వదిలేసింది.

కొత్త టీమ్‌లో ఆడటం తేలికా? మిగతా టీమ్‌లు వద్దనుకున్న ఆటగాళ్లతో నిండిన టీమ్ అది. అదే ఏడాది పుట్టిన టాంపా బేకి క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ స్పరియర్. ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ విజేత, 1967 డ్రాఫ్ట్‌లో మూడో పిక్, అంటే మూడో ఎంపిక. ఆ టీమ్ 14కి 14 ఓడింది. కెరీర్ చివర్లో ఉన్న స్పరియర్ నెత్తిన ఆ ఓటములన్నీ రుద్దను. కానీ డ్రాఫ్ట్ నంబర్ అక్కడ ఎవర్నీ కాపాడలేదు. మొదట్లో రెండే గెలిచిన సియాటిల్, 1978లో జోర్న్‌తోనే 9 గెలుపులు, 7 ఓటములకి చేరింది.

27 ఇంటర్‌సెప్షన్లు ఎక్కువే, కాదనను. అయితే అవి 439 పాసుల్లో. 1970లో మొట్టమొదటి పిక్‌గా వచ్చిన టెర్రీ బ్రాడ్‌షా తొలి సీజన్‌లో 218 పాసులకే 24 ఇచ్చాడు. అతన్ని ఎవరూ గాలివాటం అనలేదే!

ఇక లార్జెంట్. గొప్ప రిసీవర్, సందేహం లేదు. 1978 నుంచి 1981 దాకా ఏటా వెయ్యి గజాలు దాటాడు. ఆ బంతుల్లో ఎక్కువ విసిరింది ఎవరు? పైగా జోర్న్ ఆట లార్జెంట్‌తో ఆగిపోలేదు. 1979లో అట్లాంటాపై సోమవారం రాత్రి మ్యాచ్‌లో, ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని పాయింట్లు సాధించడం) కోసం మోకాలి మీద కూర్చుని బంతి పట్టుకోవాల్సినవాడు లేచి, కిక్కర్ ఎఫ్రెన్ హెరేరాకే పాస్ ఇచ్చాడు. వెనకబడి ఉన్న సియాటిల్ ఆ మ్యాచ్ 31-28తో గెలిచింది. 1991లో సీహాక్స్ రింగ్ ఆఫ్ ఆనర్‌లో (టీమ్ మేటి వ్యక్తుల గౌరవ జాబితాలో) లార్జెంట్ తర్వాత చేరిన పేరు జోర్న్‌దే.

"జోర్న్‌ని పక్కన పెట్టాకే ప్లేఆఫ్స్‌కి వెళ్లారు" అని కూడా అంటారు. అవును, 1983లో, డేవ్ క్రీగ్‌తో. మిల్టన్ అనే చిన్న కాలేజీలో ఆడిన క్రీగ్‌ని కూడా డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు.