షుగర్ లేని షుగర్ పేషెంట్

మా అత్తగారికి షుగర్. దసరాకి వస్తున్నారని, అరికాళ్లు మండుతున్నాయంటున్నారని కూకట్‌పల్లిలో ఒక షాపులో ఎంసీఆర్ చెప్పులు కొన్నాను. అవే, డాక్టర్లు రాసే మెత్తటివి. కౌంటర్‌లో కుర్రాడు "బిల్లు మెయిల్‌కి వస్తుంది సార్, ఐడీ చెప్పండి" అన్నాడు.

నేనేం తక్కువ తిన్నానా? జీమెయిల్‌లో మన పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి ఏం తగిలించినా మెయిల్ మనకే చేరుతుంది. అందుకని పేరు చివర 'ప్లస్ చెప్పులు' తగిలించాను. రేపు ఐడీ ఎవడికైనా అమ్ముకుంటే దొరికిపోతాడని. కుర్రాడు దాన్ని ట్యాబ్‌లో కొట్టి, కిందున్న 'ఒప్పుకుంటున్నాను' గడిలో టిక్కు కూడా తనే పెట్టేశాడు.

మూడో రోజు నుంచి మొదలు. కాకరకాయ పొడి, అండుకొర్రలు, పాదాల మంటకి నూనె. అన్నీ 'ప్లస్ చెప్పులు' చిరునామాకే! దొంగ దొరికాడన్న హుషారులో పొడి వాళ్ల లింకు నొక్కి చూశాను. హాల్లో టీవీలో ఉన్నది కూడా నా అకౌంటేనన్న సంగతి అప్పుడు గుర్తురాలేదు.

పండగ పూట అందరం కూర్చుని యూట్యూబ్ పెడితే, పాటకీ పాటకీ మధ్య ఆ కాకరకాయ పొడి యాడే.

"జీమెయిల్ మన ఉత్తరాలన్నీ చదివేస్తుంది బావా, ఇంక దాచలేవు" అన్నాడు బావమరిది జాలిగా.

"యాడ్ల కోసం మెయిళ్లు చదవడం మానేస్తామని గూగుల్ 2017లోనే చెప్పిందిరా. ఇది నేను లింకు నొక్కిన పుణ్యం."

"మరి షుగర్ లేనివాడివి, ఎందుకు నొక్కావు?"

ఈలోగా నా విస్తట్లో బొబ్బట్టు అత్తగారి విస్తట్లోకి మారిపోయింది.

మర్నాడు పొద్దున్నే షాపుకెళ్లి 2023 నాటి డేటా చట్టం అప్పజెప్పాను. దేనికి ఒప్పుకున్నామో దానికే వాడాలనీ, ఆ ఒప్పుకోవడం మనంతట మనమే చేయాలనీ, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలనీ. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు.

"తీసేస్తాం సార్. ఫోన్ నంబర్ చెప్పండి, ఓటీపీ వస్తుంది."

ఇంటికొచ్చేసరికి అత్తగారు కొత్త చెప్పులు టపటపలాడిస్తూ గ్లూకోమీటర్‌తో ఎదురొచ్చారు. నా సమ్మతి ఎవరూ అడగలేదు. వేలు గుచ్చి, చుక్క స్ట్రిప్‌కి అంటించి, కళ్లజోడు సర్దుకుని చూశారు. 96.

"మిషన్ పాడైనట్టుంది బాబూ, ఇంకో వేలు ఇవ్వండి" అన్నారు.